ఇంటి దగ్గరే థెరపీ: ఎదుగుదల, ప్రవర్తన సమస్యలున్న పిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

వారానికి రెండు స్పీచ్ సెషన్లు, ఒక ఓటీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) సెషన్. ఒక్కొక్కటి ముప్పావు గంట. అన్నీ కలిపినా థెరపిస్టు దగ్గర బిడ్డ గడిపేది రెండుంబావు గంటలే. దానికోసం మండలం నుంచి జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్లి రావడం, తల్లి పని మానుకోవడం, పిల్లవాడు దారిలోనే అలసిపోవడం మామూలే. ఆటిజం, ఏడీహెచ్‌డీ (దృష్టి, నిలకడ కుదరని సమస్య), మేధో వైకల్యం, మాటలు ఆలస్యం కావడం, ఇలా డాక్టరు రాసిన పేరు ఏదైనా, ఆ బిడ్డ నేర్చుకోవాల్సినవన్నీ అవసరమయ్యేది ఇంట్లోనే. అన్నం అడగడం, చొక్కా తొడుక్కోవడం, బాత్రూమ్‌కి వెళ్లడం, తమ్ముడితో ఆడుకోవడం. అందుకే ఇంటి దగ్గర అందే సాయాన్ని సెంటర్‌కి వెళ్లలేనివాళ్ల సర్దుబాటుగా నేను చూడను. అసలు పని జరగాల్సిన చోటే అది.

మొదటి అడుగు: ఎదురుచూడకండి

"వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి, వాడికీ వస్తాయిలే" అనే మాట వినని ఇల్లు లేదు. అన్నవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ కొన్ని గుర్తులు కనబడితే ఆగకూడదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత లేకపోవడం. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోతే మాత్రం ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

పిల్లల డాక్టరును కలిశాక ముందు వినికిడి పరీక్ష చేయించండి. వినబడకపోవడం, వినబడినా స్పందించకపోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. చిన్నపిల్లలకు నిద్రలో చేసే బెరా పరీక్ష ఉంది. ఆ తర్వాత ఎదుగుదల ఎసెస్‌మెంట్. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైనవాళ్లను జిల్లా స్థాయిలోని డీఈఐసీకి, అంటే సమస్యను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి, పంపుతారు. మీరు అంగన్‌వాడీ టీచరునో, ఏఎన్ఎంనో అడిగితే దారి చెబుతారు. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984లో మొదలైన ఈ సంస్థ పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పటికీ చాలామంది ఆ పేరుతోనే గుర్తుపడతారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల ఎసెస్‌మెంటు, కుటుంబాలకు శిక్షణ అక్కడ దొరుకుతాయి.

ఎసెస్‌మెంటు తేదీ రెండు నెలల తర్వాత దొరికిందనుకోండి. ఈ గైడ్‌లో చెప్పే ఇంటి పనులకు ఏ రిపోర్టూ అక్కర్లేదు. ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. రేపు ఏ సమస్యా లేదని తేలినా బిడ్డకు వీటివల్ల నష్టం లేదు.

రెండో అడుగు: ఒక వారం చూడండి, రెండు పనులే ఎంచుకోండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వారంపాటు ఏమీ మార్చకుండా రాయండి. పిల్లవాడు ఎప్పుడు లేస్తున్నాడు, ఏం తింటున్నాడు, ఏది కావాలన్నా ఎలా అడుగుతున్నాడు, ఏ పని తనంతట తాను సగం వరకు చేస్తున్నాడు, ఎప్పుడు ఏడుస్తున్నాడు, దేన్ని చూస్తే మొహం వెలుగుతోంది. ఈ చివరిది తప్పకుండా రాయండి. బుడగలా, నీళ్లా, ఉయ్యాలా, అట్ట పెట్టెలా? నేర్పడానికి మీ చేతిలో ఉండే సాధనం అదే.

వారం చివర రెండు లక్ష్యాలు ఎంచుకోండి. "మాటలు రావాలి", "బుద్ధిగా ఉండాలి" అన్నవి లక్ష్యాలు కావు. అవి వచ్చాయో లేదో ఎవరూ కొలవలేరు. "దాహమేస్తే గ్లాసు తెచ్చి చేతికివ్వాలి", "నిక్కరు తనే పైకి లాక్కోవాలి" అని రాసుకుంటే నెల తిరిగేసరికి అయిందో లేదో మీకే తెలుస్తుంది. ఆశ కొద్దీ పది రాసుకున్న ఇళ్లలో రెండు వారాలకే నోట్‌బుక్ మూలన పడుతుంది.

మూడో అడుగు: రోజువారీ పనుల్లోనే నేర్పడం

నిక్కరు తొడుక్కోవడమే తీసుకుందాం. చూడ్డానికి ఒక పనే, విడదీస్తే ఆరేడు పనులు. నిక్కరు ముందువైపు గుర్తుపట్టడం, కూర్చోవడం, ఒక కాలు దూర్చడం, రెండో కాలు దూర్చడం, మోకాళ్లదాకా లాగడం, లేచి నిలబడటం, నడుము దాకా లాగడం. అన్నీ మీరే చేసి, ఆ చివరి లాగుడు మాత్రం బిడ్డకు వదిలేయండి. తన చేతులు పట్టీ మీద పెట్టి, పైన మీ చేతులు వేసి కలిపి లాగండి. నడుముకు చేరగానే "నిక్కరు వేసుకున్నావ్!" అని మొహం నిండా నవ్వండి. నాలుగైదు రోజులకు మీ చేతుల బలం తగ్గించండి, తర్వాత వేలు మాత్రం తాకించండి, తర్వాత తీసేయండి. అది వచ్చాక మోకాళ్ల నుంచి లాగడం, ఇలా వెనక నుంచి ముందుకు రండి. చివరి మెట్టు నుంచి మొదలుపెడితే ప్రతిసారీ పని పూర్తిచేసిన సంతోషం బిడ్డకే దక్కుతుంది. పళ్లు తోముకోవడం, చేతులు కడుక్కోవడం, ప్లేటు సింకులో పెట్టడం, అన్నిటికీ ఇదే పద్ధతి.

మాట విషయానికొస్తే, అడిగే అవసరం రానివ్వడం ముఖ్యం. చాలా ఇళ్లలో బిడ్డ అడగకముందే అన్నీ అందుతాయి. బిస్కెట్ డబ్బా కనబడేలా, అందకుండా పెట్టండి. మీవైపు చూస్తే, చెయ్యి పట్టి లాగితే, వేలు చూపిస్తే అది అడగడమే. "బిస్కెట్" అని ఒకసారి స్పష్టంగా పలికి వెంటనే ఒక ముక్క ఇవ్వండి. "బిస్కెట్ అను, అంటేనే ఇస్తా" అని పంతం పట్టొద్దు. ఇంకో ముక్క కోసం మళ్లీ అడుగుతాడు, అలా ఒక్క బిస్కెట్‌తో ఐదారుసార్లు అడిగించవచ్చు. బిడ్డను మనం ఏదైనా అడిగాక ఐదు సెకన్లు ఆగి చూడటం కూడా నేర్చుకోవాలి. మనకు ఆ మౌనం భరించలేనంత పొడవుగా అనిపిస్తుంది గానీ, బిడ్డ మెదడుకు ఆ సమయం కావాలి.

మాటలు ఇంకా రాని పిల్లలకు బొమ్మల కార్డులు, సైగలు, ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే పలికే యాప్‌లు వాడమని థెరపిస్టు చెబితే భయపడకండి. కార్డులకు అలవాటుపడి మాట్లాడటం మానేస్తారన్న అనుమానానికి ఆధారం లేదు. అడిగే దారి దొరికిన పిల్లల్లో అరుపులు తగ్గడం మాత్రం కళ్లముందే కనిపిస్తుంది.

భాష గురించి గట్టిగా చెప్పాలనుంది. "ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు" అని ఇప్పటికీ కొందరు సలహా ఇస్తున్నారు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మీకు ప్రేమగా, ధారాళంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్న వయసులోనే సాయం అందించే ఏర్పాటు) వాళ్లు ఇంటికే వచ్చి పనిచేస్తారు. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా మా ఇంటి భాష తెలుగు అని మొదటి రోజే చెప్పి, లక్ష్యాల్లో తెలుగు మాటలు రాయించుకోవాలి. ఆరు నెలలు ఉండి వెళ్లే అమ్మమ్మతో బిడ్డ మాట్లాడగలిగేది ఆ భాషలోనే.

ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం ఒక్కరోజులో ఆగదు. రోజూ మూడు పూటలూ ఉంటే ముందు టిఫిన్ పూట ఆపండి, వారం తర్వాత మధ్యాహ్నం. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ సూచన ప్రకారం రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట దాటకూడదు.

నాలుగో అడుగు: ప్రవర్తన వెనక కారణం పట్టుకోవడం

కొట్టడం, కొరకడం, వస్తువులు విసరడం, తల గోడకు కొట్టుకోవడం. చుట్టాల ఎదుట ఇది జరిగినప్పుడు తల్లి మొహం చూడాలి. "మొండితనం", "గారాబం చేసి చెడగొట్టారు" అనే మాటలన్నీ ఆమె మీదే పడతాయి. నిజానికి ప్రతి ప్రవర్తనా బిడ్డకు ఏదో ఒక పని చేసి పెడుతుంది. ఏదైనా కావాలనో, చేస్తున్న పని తప్పించుకోవాలనో, ఎవరైనా తనవైపు చూడాలనో, లేదా శరీరానికి ఏదో అవసరమయ్యో, భరించలేకో. ఈ నాలుగింటిలో ఏదో తెలియకుండా ఏ చిట్కా పనిచేయదు.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: టైమ్, ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. "బాగా అల్లరి చేశాడు" అని రాయొద్దు. "సాయంత్రం ఆరుంబావు. నేను చపాతీలు చేస్తున్నాను, ఫోన్‌లో అక్కతో మాట్లాడుతున్నాను. పిండి డబ్బా కింద పడేశాడు. పరుగెత్తి వెళ్లి తిట్టి ఎత్తుకున్నాను." ఇలాంటివి నాలుగు రాసేసరికి తెలిసిపోతుంది, డబ్బా పడితే అమ్మ వస్తుందని. అప్పుడు చేయాల్సినవి రెండు. వంట మొదలుపెట్టకముందే పది నిమిషాలు బిడ్డతోనే కూర్చోవడం. అమ్మ కావాలంటే చేతి మీద తట్టడం నేర్పి, తట్టిన ప్రతిసారీ తిరిగి పలకడం. డబ్బా పడినప్పుడు మాత్రం తిట్లు, ఉపన్యాసాలు లేకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా, పిండి తీసేసి పనిలో పడాలి.

ఇదే నోట్‌బుక్‌లో ఇంకో ఇంటి కథ వేరేగా ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి చెవులు మూసుకుని అరవడం, తలుపుకేసి తల కొట్టుకోవడం. ముందు గడిలో ప్రతిసారీ ఒకటే: కుక్కర్ విజిల్. ఇక్కడ పట్టించుకోకుండా వదిలేయడం క్రూరత్వం అవుతుంది. వంటింటి తలుపు వేయడం, విజిల్ వచ్చే ముందు చెప్పడం, పక్క గదికి తీసుకెళ్లడం, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టడం, ఇవీ మార్గాలు. పైకి రెండూ అల్లరే. చేయాల్సినవి వేరు.

దృష్టి కోసం, వస్తువు కోసం చేసే గొడవకు స్పందించడం మానేశాక మొదటి కొన్ని రోజులు అది పెరుగుతుంది. ఇది ముందే ఇంట్లో అందరికీ చెప్పాలి. నాలుగో రోజు అరుపు భరించలేక తాతయ్య చాక్లెట్ ఇచ్చారనుకోండి, అంతసేపు అరిస్తే వస్తుందని బిడ్డ నేర్చుకుంటాడు. అంత ఓర్చుకునే పరిస్థితి ఇంట్లో లేకపోతే ఆ వారం మొదలుపెట్టకండి. అరుపు మొదలవకముందే, మామూలుగా అడిగినప్పుడే ఇచ్చేయండి.

పని తప్పించుకోవడానికి చేసే గొడవకు "ముందు, తర్వాత" పద్ధతి బాగా పనిచేస్తుంది. అట్ట ముక్క మీద రెండు ఫొటోలు: ఎడమవైపు బ్రష్, కుడివైపు ఉయ్యాల. వేలు పెట్టి చూపిస్తూ "ముందు బ్రష్, తర్వాత ఉయ్యాల". మాట ఇచ్చింది వెంటనే ఇవ్వాలి. "బ్రేక్ కావాలి" అని చూపే కార్డు ఇంకొకటి నేర్పితే పుస్తకం విసిరేయాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఒక్కసారి ఉద్వేగం కట్ట తెంచుకున్నాక నేర్పేదేమీ ఉండదు. మాటలు తగ్గించండి, జనాన్ని బయటికి పంపండి, ఫ్యాన్ వేయండి, లైటు తగ్గించండి, తల కిందకి దిండు తోయండి, దగ్గరలో కూర్చోండి. వీడియో తీయడం డాక్టరుకు చూపించడానికి తప్ప వద్దు. కొట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఆ క్షణానికి ఆగినట్టు కనబడుతుంది, కోపం వస్తే కొట్టాలన్నది మాత్రం బాగా నేర్చుకుంటాడు.

ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు శరీరాన్ని చూడండి. పన్ను నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, నిద్రలేమి. చెప్పుకోలేని బిడ్డ నొప్పిని ఇలాగే చెబుతాడు. కాసేపు ఒకేచోట చూస్తూ ఉండిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఉంటే ఫిట్స్ కావచ్చు, న్యూరాలజిస్టును కలవాలి. ఫిట్స్ మందులు, ఏడీహెచ్‌డీ మందులు మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆపకండి.

ఐదో అడుగు: ఇల్లు భద్రంగా ఉంచడం

ఈ పిల్లల్లో కొందరికి తలుపు తెరిచి ఉంటే వెళ్లిపోయే అలవాటు, నీళ్లంటే విపరీతమైన ఇష్టం ఉంటాయి. ఈ రెండూ కలిస్తే ప్రాణాపాయం. సంపు మూతకు తాళం, గేటుకు పైన గడియ, మేడ మీద తలుపు ఎప్పుడూ మూసి ఉండటం, ఊరిలో చెరువు, బావి దగ్గరి ఇళ్లవాళ్లకు ముందే చెప్పి ఉంచడం. మెడలోనో, చేతికో మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల. పనులు చేసుకోవడానికి వీల్లేక బిడ్డను కాలికి తాడు కట్టి ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి పరిస్థితి ఉంటే అంగన్‌వాడీకో, ఆశా కార్యకర్తకో చెప్పి సాయం అడగండి. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఆరో అడుగు: ఇంటికి వచ్చే మనుషులు

బడికి వెళ్లలేనంత తీవ్రమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు బడి చదువుల ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి ఐఈఆర్పీ టీచర్లే (ఈ పిల్లలకు నేర్పడానికి పెట్టిన ప్రత్యేక టీచర్లు) ఈ పిల్లల ఇళ్లకు వచ్చి చూస్తారు, కేంద్రాల్లో ఫిజియోథెరపీ కూడా ఏర్పాటు చేస్తారు. మండల విద్యాధికారి ఆఫీసులోగానీ, దగ్గరి ప్రభుత్వ బడి హెడ్మాస్టరు దగ్గరగానీ బిడ్డ పేరు నమోదు చేయించండి. పేరు లిస్టులో లేకపోతే ఎవరూ రారు. టీచరు వచ్చినప్పుడు "మీరు లేని రోజుల్లో మేం ఏం చేయాలి?" అని అడిగి రాయించుకోండి. వాళ్లు రాగలిగేది కొద్దిసార్లే కాబట్టి ఆ ప్రశ్నకు విలువ ఎక్కువ.

ఇంటి దగ్గర చదువు శాశ్వతం కాకూడదన్నది నా అభిప్రాయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వారానికి ఒక పూటైనా సరే, బడి వైపు అడుగు పడేలా చూడండి.

ప్రైవేటు థెరపిస్టును పెట్టుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్. 1992 చట్టంతో ఏర్పడిన పునరావాస మండలి ఇది. స్పెషల్ ఎడ్యుకేటర్లకు, స్పీచ్ థెరపిస్టులకు, క్లినికల్ సైకాలజిస్టులకు అది నంబరు ఇస్తుంది. తర్వాత సెషన్ సమయంలో ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉంటామని చెప్పండి. తలుపు మూసి, మీరు బయట ఉండండి అనేవాళ్లు వద్దు. బిడ్డ భద్రత దృష్ట్యానే కాదు, మీరు చూసి నేర్చుకోకపోతే సగం ప్రయోజనం పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం తయారుచేసిన శిక్షణ కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది, తొమ్మిది గ్రూప్ సెషన్లు, మూడుసార్లు ఇంటికి రావడం.

ఏడాది ఫీజు ముందే కట్టించుకునే ప్యాకేజీలకు దూరంగా ఉండండి. "ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అన్నవాళ్ల ఇంటి గడప ఎక్కొద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు వసూలు చేస్తున్నారు. అది సిఫార్సు చేయదగినది కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం చెప్పింది. పొలం అమ్మి ఆ డబ్బు కట్టిన కుటుంబాలను తలచుకుంటే బాధేస్తుంది.

ఏడో అడుగు: కాగితాలు

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవాలి. తెలంగాణలో ఎలా అప్లై చేయాలో మీసేవలో అడగండి. దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా తీసుకోండి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చే అవకాశం ఉంది, గడువు తేదీ చూసుకుని మళ్లీ వెళ్లాలి. వైకల్యం 40 శాతం ఉంటే పింఛనుకు అప్లై చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో పెంచిన మొత్తం 4,016. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి, కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు పాత విధానంలో 80డీడీ కింద 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000 మినహాయింపు పొందవచ్చు.

చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ లేదు. దానితోపాటు నేర్చుకోవడంలో వైకల్యంలాంటిది ఉంటేనే సర్టిఫికెట్‌కు వీలుంటుంది. ఇది తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోతున్నారు.

ఎనిమిదో అడుగు: ఇంట్లో అందరూ ఒక మాట మీద, మూడు నెలలకోసారి లెక్క

రెండు లక్ష్యాలు, వాటికి అందరూ చేయాల్సింది, చేయకూడనిది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నాయనమ్మకు చదవడం రాకపోతే బొమ్మ గీయండి. ఆమెను తప్పుపట్టకుండా ఒక పని అప్పగించండి, స్నానం పూట పాట పాడుతూ ఒంటి భాగాల పేర్లు చెప్పడం లాంటిది. తండ్రికి డబ్బు కట్టడంతో బాధ్యత తీరదు, రోజుకు ఒక పని పూర్తిగా ఆయనదే కావాలి. తోబుట్టువుకు వారంలో కాసేపైనా అమ్మానాన్న తనకు మాత్రమే దొరకాలి.

మూడు నెలలకు నోట్‌బుక్ తిరగేయండి. లక్ష్యం చేరితే కొత్తది రాయండి. చేరకపోతే పనిని ఇంకా చిన్న ముక్కలు చేయండి, లేదా బహుమతి మార్చండి. అలా మార్చినా ఇంకో మూడు నెలలకు కదలిక లేకపోతే థెరపిస్టుతో కూర్చుని కారణం అడగండి. రాతపూర్వకంగా ఏమీ చూపించలేని థెరపిస్టును మార్చడానికి మొహమాటపడొద్దు. నిద్రపట్టక, ఏడుపు ఆగక, టెన్షన్ తట్టుకోలేని స్థితిలో మీరుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు.